మైక్రోగ్లియా మీద పని మొదలుపెట్టబోతున్న చెల్లెకు: ముందు నీ చెయ్యి ఏం చేస్తోందో చూడు

ఉత్తరం:

"అక్కా, మాది దేవరకొండ దగ్గర పల్లె. డిగ్రీ నల్లగొండలో, ఎమ్మెస్సీ హైదరాబాద్‌లో చేశాను. పీహెచ్‌డీలో అయిదేళ్లు చిట్టెలుకల మెదడు స్లైసుల్లో న్యూరాన్లను ప్యాచ్ చేశాను (సన్నటి గాజు పిప్పెట్‌ను కణానికి అతికించి దాని కరెంటు కొలవడం), వచ్చింది అదొక్కటే. ఇప్పుడు బెంగళూరులో ఒక ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ దొరికింది, మూడు నెలల్లో చేరాలి. న్యూరాన్లు వదిలే నార్‌అడ్రినలిన్ అనే రసాయనం మైక్రోగ్లియాను, అంటే మెదడులో కావలి కాసే రోగనిరోధక కణాలను, ఎట్లా మారుస్తుందో చూడాలి, అదీ ప్రాజెక్టు. నాకు ఇమ్యునాలజీ ఓనమాలు కూడా రావు. మళ్లీ మొదటి నుంచి చదవాలా? సార్ ముందు కల్చర్‌తో (ఫ్లాస్క్‌లో పెంచిన కణాలతో) మొదలుపెట్టు, డేటా తొందరగా వస్తుందంటున్నారు. అక్కడి సీనియర్ కల్చర్‌ను నమ్ముకోకు అంటోంది. ఎవరి మాట వినాలి? ఇంట్లో నాన్న 'డాక్టరేట్ అయిపోయింది కద బిడ్డా, ఇంకా ట్రైనింగ్ ఏంది' అంటున్నాడు. ఆయనకు బత్తాయి తోట, పైగా ఆస్తమా. నేను చేసే పని ఆయనకు చెప్పబోతే నోట మాట రావట్లేదు. ఈ మూడు నెలలు ఇంటి దగ్గరే ఉంటాను. ఏం చేయను?"

సమాధానం:

చెల్లె, ముందు ఇమ్యునాలజీ భయం తీసేస్తాను. మొత్తం మొదటి నుంచి చదవాల్సిన పని లేదు. టీ సెల్స్, బీ సెల్స్, వాటి మార్కర్లు అన్నీ బట్టీ పడుతూ కూర్చుంటే ఏడాది గడిచిపోతుంది, అందులో నీకు పనికొచ్చేది పిడికెడు. మాక్రోఫేజ్‌లు ఎట్లా పనిచేస్తాయి, టోల్ రిసెప్టర్లు (రిసెప్టర్ అంటే కణం మీద కబురు అందుకునే ప్రోటీన్) దేన్ని పసిగడతాయి, మంట పెంచే కబుర్లు మోసే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6 ఎప్పుడు బయటికొస్తాయి, కాంప్లిమెంట్ ప్రోటీన్లు ఏం చేస్తాయి, ఈ నాలుగు విషయాలు ఏదైనా మంచి టెక్స్ట్‌బుక్‌లో ఇన్నేట్ ఇమ్యూనిటీ అధ్యాయాల్లో దొరుకుతాయి. రోజూ రెండు గంటలు కూర్చుంటే నెలలో అయిపోతుంది. మిగతాది పని చేస్తూ చేస్తూ వస్తుంది.

నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది. నాకు నీ గురించి టెన్షన్ అంతా దాని గురించే. ఇన్నాళ్లూ నువ్వు న్యూరాన్‌తో మెలిగావు. పిప్పెట్ దగ్గరికి తెస్తే న్యూరాన్ ఉన్నచోటే ఉంటుంది, పిప్పెట్ కణానికి గట్టిగా అతుక్కుని సీల్ పడిందా లేదా అన్నదే నీ బెంగ. మైక్రోగ్లియా అట్లా కాదు. ఎక్కడ ఏం తేడా వచ్చిందో కనిపెట్టడమే దాని వృత్తి. నువ్వు దాన్ని చూడటానికి చేసే ప్రతి పనీ, కోయడం, కడగడం, ఎంజైమ్ పోయడం, మత్తు ఇవ్వడం, చివరికి చిట్టెలుక తలను బిగించి పట్టుకోవడం కూడా దానికి ఒక కబురే. కాబట్టి నువ్వు నార్‌అడ్రినలిన్ పోసి చూసే మార్పులో నార్‌అడ్రినలిన్ వాటా ఎంత, నీ చేతి వాటా ఎంత అని విడదీయడం రావాలి. ఈ ట్రైనింగ్‌లో నువ్వు నేర్చుకోవాల్సింది ముఖ్యంగా ఇదే అని నా గట్టి నమ్మకం. కల్చరా కాదా, ఏ మైక్రోస్కోప్, ఏ మందు అన్నవన్నీ దీని తర్వాతే.

నేను ఊరికే అనడం లేదు, మన రంగంలోనే జరిగింది చెప్తాను. మైక్రోగ్లియాను 1919లో స్పెయిన్‌లో పియో దెల్ రియో-ఓర్తేగా వెండి కార్బనేట్ స్టెయిన్‌తో విడిగా చూపించాడు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు అందరూ చూసింది చచ్చిన కణజాలంలోని కణాలనే, అందుకే ఇవి మామూలుగా కదలకుండా ఉంటాయని, దెబ్బ తగిలితేనే లేస్తాయని అనుకున్నారు. 2005లో టూ-ఫోటాన్ మైక్రోస్కోప్ కింద బతికున్న చిట్టెలుక మెదడులో చూస్తే, కణం ఒళ్లు ఒకచోటే ఉన్నా కొమ్మలు మాత్రం క్షణం ఆగకుండా చాచుకుంటూ, ముడుచుకుంటూ చుట్టుపక్కలంతా తడుముతున్నాయి. కొన్ని గంటల్లో మెదడులో ప్రతి మూలనూ ఒకసారి తడిమేస్తాయని లెక్క కట్టారు. గొప్ప పని అది, ఇప్పటికీ నిలబడింది. కానీ ఆ చిట్టెలుకలు మత్తులో ఉన్నాయి.

తర్వాత 2019లో అమెరికాలో రెండు ల్యాబ్‌లు, ఒకటి మాయో క్లినిక్‌లో, ఇంకోటి రోచెస్టర్ యూనివర్సిటీలో, మెలకువగా ఉన్న చిట్టెలుకల్లో మైక్రోగ్లియాను చూసి, అవే చిట్టెలుకలకు మత్తు ఇచ్చి మళ్లీ చూశాయి. మత్తులో కొమ్మలు ఇంకా ఎక్కువ చాచుకున్నాయి, తడుముడు పెరిగింది. మెలకువలో తగ్గింది. మెలకువలో లోకస్ సెరూలియస్ అనే చిన్న గుంపు న్యూరాన్లు మెదడంతా నార్‌అడ్రినలిన్ వదులుతుంటాయి, మైక్రోగ్లియా మీద ఉన్న బీటా-2 రిసెప్టర్లు దాన్ని అందుకుంటాయి, కొమ్మలు కొంచెం వెనక్కి తగ్గుతాయి. మత్తులో ఆ నార్‌అడ్రినలిన్ పడిపోతుంది, పగ్గం వదులవుతుంది. అంటే అప్పటిదాకా "మామూలు స్థితి" అని అందరూ రాసుకున్నది మత్తు స్థితి! నీ ప్రాజెక్టు పుట్టిందే ఈ గమనింపులోంచి. అందుకే ఆ రెండు పేపర్లను మళ్లీ మళ్లీ చదువు, ఫలితాల కోసం కాదు, వాళ్లు కంట్రోళ్లు ఎట్లా పెట్టారో చూడటానికి.

ఇప్పుడు మీ సార్, సీనియర్ గొడవ. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. కల్చర్ నేర్చుకో, కానీ కల్చర్ ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో తెలుసుకుని నేర్చుకో. అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్లల మెదడు తీసి, మెత్తగా విడదీసి, పాలీ-లైసిన్ పూసిన ఫ్లాస్క్‌లో వేస్తావు. పది, పద్నాలుగు రోజులకు అడుగున ఆస్ట్రోసైట్లు (న్యూరాన్లకు తోడుండే కణాలు) చాప పరిచినట్టు పరుచుకుంటాయి. ఫ్లాస్క్‌ను మైక్రోస్కోప్ కింద పెట్టి ఫోకస్ కొద్దిగా పైకి తిప్పితే, ఆ చాప మీద గుండ్రంగా, మెరిసే చుక్కల్లా మైక్రోగ్లియా కనిపిస్తాయి. ఫ్లాస్క్ పక్కన అరచేత్తో నాలుగు దెబ్బలు కొడితే ఊడి మీడియంలో తేలతాయి, దాన్ని పిప్పెట్‌తో తీసుకుంటావు. మొదటిసారి చూసినప్పుడు చాలా సంతోషం వేస్తుంది, నాకూ వేసింది. అయితే అవి ఇప్పుడు మెదడులో ఉన్న కణాలు కావు. మెదడులో ఎప్పుడూ తగలని సీరంలో రెండు వారాలు మునిగి ఉన్నాయి, పక్కన న్యూరాన్లు లేవు, కొమ్మలు పోయాయి. మైక్రోగ్లియాకు గుర్తులనుకునే టీఎంఈఎం119, పీ2వై12 లాంటివి మెదడు నుంచి బయటికి తీసిన కొన్ని గంటల్లోనే పడిపోవడం మొదలవుతాయి. పైగా ఇవి పుట్టుకలోనే వేరు కణాలు, ఎముక మజ్జ నుంచి కాదు, పిండం దశలో యోక్ శాక్ నుంచి మెదడులోకి వచ్చి అక్కడే స్థిరపడ్డవని 2010లో తేలింది. మెదడే వాటి ఇల్లు, ఇల్లు విడిస్తే మారిపోతాయి.

అందుకని కల్చర్‌ను ఇట్లా వాడు: ఈ రిసెప్టర్ నుంచి సైక్లిక్ ఏఎంపీ (కణం లోపల కబురు మోసే అణువు) పెరుగుతుందా, పెరిగితే టీఎన్ఎఫ్ తగ్గుతుందా, ఈ బ్లాకర్ ఆ రిసెప్టర్‌నే ఆపుతోందా. ఇట్లాంటి కెమిస్ట్రీ ప్రశ్నలకు కల్చర్ చక్కగా జవాబిస్తుంది. కొమ్మలు ఎట్లా తిరుగుతాయి, న్యూరాన్లు కలిసే సినాప్స్‌ల దగ్గర ఏం చేస్తాయి, నిద్రలో ఏమవుతుంది అని కల్చర్‌ను అడగకు. బీవీ-2 సెల్ లైన్, అంటే ల్యాబ్‌లో ఎడతెగకుండా పెరిగేట్టు మార్చిన మైక్రోగ్లియా, అయితే ఇంకా దూరం. ఏదైనా కొత్త పద్ధతి చేతికి అలవాటు కావడానికి వాడుకో, పేపర్ మొత్తం దాని మీద నిలబెట్టకు. మీ సార్‌తో వాదన పెట్టుకోవాల్సిన పని కూడా లేదు, "సార్, ఈ ప్రశ్నకు కల్చర్, ఆ ప్రశ్నకు స్లైస్, ఆఖరుకు మెలకువగా ఉన్న చిట్టెలుక" అని ఒక కాగితం మీద రాసి చూపించు. ఏ గైడ్ అయినా అట్లాంటి కాగితం చూస్తే సంతోషపడతాడు.

నేను దెబ్బ తిన్నది ఎక్కడో చెప్తాను. పోస్ట్‌డాక్ మొదటి ఏడాది, నేను నార్‌అడ్రినలిన్ పోసిన ప్రతిసారీ టీఎన్ఎఫ్ పెరిగింది. పుస్తకాలన్నీ తగ్గాలి అంటాయి. నాకు పెరిగింది, అయిదుసార్లు చేస్తే అయిదుసార్లూ పెరిగింది. కొత్త విషయం కనిపెట్టానని రాత్రుళ్లు నిద్ర పట్టలేదు, ల్యాబ్ మీటింగ్‌లో కూడా చూపించేశాను. నాలుగు నెలల తర్వాత తేలింది, నేను మందు కలిపే నీళ్ల సీసాలో ఎండోటాక్సిన్ ఉంది. కంట్రోల్ ప్లేటుకు మాత్రం వేరే సీసా నీళ్లు వాడాను. రెండూ ఒకటే నీళ్లు కదా అనుకున్నాను! ఆటోక్లేవ్ చేశాం కదా అని ధీమా. ఆటోక్లేవ్ బాక్టీరియాను చంపుతుంది, దాని గోడలోని ఎండోటాక్సిన్‌ను వదిలించదు. గాజు సామాను అయితే 250 డిగ్రీల పొడి వేడిలో పెట్టాలి, ద్రావణాలైతే ఎండోటాక్సిన్ లేనివే కొనాలి, ఎండోటాక్సిన్‌ను పట్టిచ్చే లిమ్యులస్ పరీక్షతో సరిచూసుకోవాలి. మైక్రోగ్లియాకు ఎండోటాక్సిన్ చుక్క చాలు. తప్పు నాదే, ఏ సీసా ఎవరు నింపారని వెతకడం కంటే కంట్రోల్‌కూ మందుకూ ఒకే సీసా వాడాలన్న ఇంగితం నాకు ఉండాల్సింది. ఆ నాలుగు నెలలు తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నువ్వు నల్లగొండ బిడ్డవు. ఫ్లోరైడ్ నీళ్లు మనుషుల ఎముకలను వంచిన జిల్లా అది. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే. కంటికి తేటగా కనిపించే నీళ్లలో ఏముందో పరీక్ష చేస్తే గాని తెలియదని నీకు నేను వేరే చెప్పాలా? ల్యాబ్‌లో కూడా ఆ బుద్ధితోనే ఉండు.

నార్‌అడ్రినలిన్ గురించి కూడా జాగ్రత్త. అది గాలికి, వెలుతురుకు పాడవుతుంది. ద్రావణం గులాబీ రంగు తిరిగి, తర్వాత గోధుమ రంగుకు వస్తుంది. పొద్దున కలిపింది సాయంత్రం వాడితే నువ్వు పోసేది నార్‌అడ్రినలిన్ కాదు, దాని శిథిలం. అప్పటికప్పుడు కలుపు, ఆస్కార్బిక్ ఆమ్లం వేస్తే కంట్రోల్‌లో కూడా అంతే వెయ్యి, ట్యూబ్‌కు రేకు చుట్టు. డోసు సంగతి ఇంకోటి. మనం కల్చర్‌లో అలవాటుగా పదుల మైక్రోమోలార్లు పోస్తాం. మెదడులో కణాల మధ్య ద్రవంలో కొలిస్తే వచ్చేది నానోమోలార్లలో. పదుల మైక్రోమోలార్లు పోస్తే ఆల్ఫా, బీటా అని లేకుండా నార్‌అడ్రినలిన్ రిసెప్టర్లన్నీ లేస్తాయి. అందుకే కనీసం అయిదారు డోసులు పెట్టు, తక్కువ వైపు ఎక్కువ పెట్టు.

నీ పాత విద్య గురించి నీకు చిన్నచూపు ఉన్నట్టుంది, "వచ్చింది అదొక్కటే" అని రాశావు. నాకైతే కుళ్లుగా ఉంది. మైక్రోగ్లియాను సరిగ్గా ప్యాచ్ చేయగలిగినవాళ్లు తక్కువ. ఇవి చిన్నవి, ఇన్‌పుట్ రెసిస్టెన్స్ (కరెంటుకు కణం ఇచ్చే అడ్డు) గిగా ఓముల్లో ఉంటుంది, అందుకే చిన్న లీక్ కూడా మొత్తం రికార్డింగ్‌ను అబద్ధం చేస్తుంది, నీ చేతికి ఆ ఓపిక ఇప్పటికే ఉంది. వీటి విశ్రాంతి వోల్టేజ్‌ను నిలబెట్టేది థిక్-1 అనే పొటాషియం ఛానెల్ అని, దాన్ని ఆపితే కొమ్మలు కురచబడి తడుముడు తగ్గుతుందని 2018లో చూపించారు. చూశావా, అది నీ భాషలోనే ఉంది. నార్‌అడ్రినలిన్ పోస్తే ఆ ఛానెల్‌కు ఏమవుతుంది? నేను నీ స్థానంలో ఉంటే చేరిన మర్నాడే సార్‌ను అడుగుతాను.

కాకపోతే స్లైసుల్లో న్యూరాన్ల కోసం అలవాటైన పద్ధతి అట్లాగే వాడకు. బ్లేడుతో కోసినప్పుడు చితికిన కణాల నుంచి ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే అణువు) కారుతుంది, మైక్రోగ్లియా పీ2వై12 రిసెప్టర్ ద్వారా దాన్ని పసిగట్టి అటు పరుగెడతాయి. పై పొరలో ఉన్నవి దెబ్బతిన్నవే. న్యూరాన్లకు గంట సేపు స్లైసులను కోలుకోనిచ్చి సాయంత్రం దాకా ప్యాచ్ చేసేదానివి కదా, ఇక్కడ గంటలు గడిచేకొద్దీ కణమే మారిపోతుంటుంది. లోతులో ఉన్నవి ఎంచుకో, కోసిన ఎన్ని నిమిషాలకు రికార్డు చేశావో ప్రతి కణం పక్కన రాయి, ఆ టైముకు ఎదురుగా నీ డేటాను ఒకసారి గ్రాఫ్ గీసి చూడు. గీత వాలుగా వస్తే నువ్వు చూస్తున్నది మందు ప్రభావం కాదేమోనని అనుమానించు.

దీనికి ఇంకో చిక్కు ఉంది. మెదడులో నార్‌అడ్రినలిన్ పోస్తే మైక్రోగ్లియా ఒక్కటే వినదు. న్యూరాన్లు వింటాయి, ఆస్ట్రోసైట్లు వింటాయి, రక్తనాళాలు ముడుచుకుంటాయి. వాళ్లందరూ మళ్లీ మైక్రోగ్లియాకు ఏదో ఒకటి చెప్తారు. మరి నువ్వు చూసిన మార్పు నేరుగా వచ్చిందా, చుట్టు తిరిగి వచ్చిందా? మాది మహబూబ్‌నగర్. మా పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో కొమ్మలకు సెలైన్ బాటిళ్లు వేలాడదీసి, చుక్క చుక్కగా మందు చెట్టు లోపలికే ఎక్కించారు. అదే మందు చెట్టు మొదలు దగ్గర కుమ్మరిస్తే నేలకు ఎంత పోయిందో, చెట్టుకు ఎంత అందిందో ఎవరు చెప్పగలరు? నీ పనిలో ఆ బాటిల్ లాంటిది మైక్రోగ్లియాలో మాత్రమే బీటా-2 రిసెప్టర్ తీసేసిన చిట్టెలుక. దానికోసం చాలామంది సీఎక్స్3సీఆర్1 క్రీ-ఈఆర్ చిట్టెలుకలు వాడతారు, వీటిలో సీఎక్స్3సీఆర్1 జన్యువు పనిచేసే కణాల్లో, టమాక్సిఫెన్ మందు ఇచ్చినప్పుడు, క్రీ అనే ఎంజైమ్ మనం ఎంచుకున్న జన్యువును కత్తిరిస్తుంది. సీఎక్స్3సీఆర్1 రక్తంలోని మోనోసైట్లలో (ఒక రకం తెల్ల కణాల్లో) కూడా పనిచేస్తుంది, కాబట్టి టమాక్సిఫెన్ ఇచ్చాక కొన్ని వారాలు ఆగాలి, మోనోసైట్లు చచ్చి కొత్తవి పుడతాయి, మైక్రోగ్లియా మాత్రం చాలా కాలం బతుకుతాయి గనుక మార్పు వాటిలోనే మిగులుతుంది. ఈ చిట్టెలుకల్లో సీఎక్స్3సీఆర్1 జన్యువు ఒక కాపీ పోయి ఉంటుంది, కాబట్టి క్రీ ఉన్నా రిసెప్టర్ పోని చిట్టెలుకలే నీకు సరైన కంట్రోల్, మామూలు చిట్టెలుకలు కాదు. వీటి బ్రీడింగ్‌కు నెలలు పడుతుంది. అందుకే ఇది ఆఖరున చేద్దాంలే అనుకోకుండా మొదటి నెలలోనే జతలు పెట్టించు, ఎనిమల్ ఎథిక్స్ కమిటీ అనుమతి నీ ప్రాజెక్టుకు వచ్చిందా లేదా అని ఇప్పుడే ఈమెయిల్ పెట్టి అడుగు. చాలామంది పోస్ట్‌డాక్‌లు ఈ కాగితం దగ్గరే ఆరు నెలలు పోగొట్టుకుంటారు.

మెలకువగా ఉన్న చిట్టెలుక దాకా వెళ్తే పుర్రెకు కిటికీ పెట్టే సర్జరీ నేర్చుకోవాలి. ఆ సర్జరీయే మైక్రోగ్లియాను రెచ్చగొడుతుంది, వారాలు ఆగితే గాని సద్దుమణగవు. తర్వాత తల బిగించి కూర్చోబెట్టడానికి చిట్టెలుకను రోజుకు కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. బెదిరిన చిట్టెలుకలో నార్‌అడ్రినలిన్ ఎగుస్తుంది, అంటే నువ్వు కొలవాలనుకున్నదాన్ని నువ్వే పోసినట్టు. అలవాటు చేయడానికి తీసుకునే రోజులను వృథా అనుకోకు, ఆ రోజుల్లోనే చిట్టెలుకను చూడటం వస్తుంది, మీసాలు, కళ్లు, పేడ, ఊపిరి.

కొమ్మలు ముడుచుకున్నాయి కాబట్టి 'యాక్టివేట్' అయింది అని రాయకు. ఎం1 (మంట పెంచేవి), ఎం2 (మంట తగ్గించేవి) అని రెండు డబ్బాల్లో పెట్టడం కూడా మానేయాలని ఈ రంగంలో చాలామంది కలిసి 2022లో రాశారు. ఆకారం ఒక్కటే చూసి పని చెప్పలేం. 2013లో వచ్చిన ఒక పని నాకు ఇష్టం: మామూలు మైక్రోగ్లియాలో నార్‌అడ్రినలిన్ బీటా-2 ద్వారా కొమ్మలను లాగేస్తే, ఎండోటాక్సిన్‌తో రెచ్చగొట్టినవాటిలో ఆ పని ఆల్ఫా-2 రిసెప్టర్ ద్వారా జరిగింది. కబురు ఒకటే, వినే చెవి మారింది! అందుకే నీ నోట్‌బుక్‌లో మందు పేరు కంటే ముందు ఆ క్షణానికి కణం ఏ స్థితిలో ఉందో రాయి. గాబా, సెరటోనిన్, ఎసిటైల్‌కోలిన్, డోపమైన్ రిసెప్టర్లు కూడా వీటి మీద ఉన్నట్టు పనులు వచ్చాయి, అవి తర్వాత చూసుకుందువు, మొదటి రెండేళ్లు ఒకే ట్రాన్స్‌మిటర్ పట్టుకుని ఉండు. ఒక్కటి మాత్రం ఇప్పుడే చదువు, 2020లో వచ్చింది: న్యూరాన్లు వదిలే ఏటీపీని మైక్రోగ్లియా అడినోసిన్‌గా మారే దారి పట్టించి, ఆ అడినోసిన్‌తో న్యూరాన్ల జోరును తిరిగి తగ్గిస్తాయని. అంటే మాట రెండు వైపులా నడుస్తోంది. న్యూరాన్ వైపు చెవి పెట్టగలిగిన మనిషివి నువ్వు.

ఇక ఈ మూడు నెలలు. లాప్‌టాప్, నెట్ ఉంటే చాలు. ఫిజీ అనే ఇమేజ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దానిలో కణాల కొమ్మలు కొలవడం నేర్చుకో, బొమ్మలు ఉచితంగా పెట్టిన పేపర్లు చాలా ఉన్నాయి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే ఫైళ్ల పేర్లు మార్పించి, ఏది కంట్రోలో ఏది మందో తెలియకుండా లెక్కపెట్టు. ఒకసారి తెలిసి, ఒకసారి తెలియకుండా అదే బొమ్మలు లెక్కపెడితే రెండు అంకెల మధ్య తేడా చూసి నువ్వే ఉలిక్కిపడతావు. గ్లియా కణాల మీద పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త బెన్ బ్యారెస్ ల్యాబ్ 2014లో పెట్టిన ఆర్ఎన్ఏ డేటా అందరికీ తెరిచే ఉంది, మెదడు కణాల్లో ఏ రిసెప్టర్ ఎక్కడ పలుకుతుందో చూసుకోవచ్చు, బీటా-2 జన్యువు కొట్టి చూడు. ఆర్ఎన్ఏ ఉన్నంత మాత్రాన కణం మీద ప్రోటీన్ ఉన్నట్టు కాదన్నది గుర్తుపెట్టుకో.

వారానికి రెండు పేపర్లు చాలు. ఒక రూళ్ల నోట్‌బుక్ తీసుకుని ప్రతి పేపర్‌కు ఒక పేజీ ఇచ్చి, ఫలితాలు రాయకుండా ఇవి మాత్రమే రాయి: చిట్టెలుక మెలకువలో ఉందా మత్తులోనా, వయసు, ఆడా మగా, పగలా రాత్రా, కణాన్ని ఎట్లా బయటికి తీశారు, 37 డిగ్రీల ఎంజైమా చల్లటి పద్ధతా, మందు ఎంత పోశారు, ఎంతసేపు. ఇవి రాయడానికి పద్ధతుల విభాగంలో వెతకాల్సి వస్తుంది, కొన్నిచోట్ల అసలు రాసి ఉండదు. ఇరవై పేజీలు నిండేసరికి ఒకే ప్రశ్నకు ఇద్దరికి ఎదురెదురు జవాబులు ఎందుకు వచ్చాయో నీకే కనిపించడం మొదలవుతుంది. వీలైతే నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీకి గాని, పాలమూరు యూనివర్సిటీకి గాని వెళ్లి ఎమ్మెస్సీ పిల్లలకు ఒక గంట తెలుగులో ఈ సంగతి చెప్పు. 2007, 2008లలో వచ్చినవి అవి, మా రోజుల్లో లేవు. పిల్లలు అడిగే ప్రశ్నల్లో ఎక్కడ నీకు నోరు పెగలదో అక్కడ నీకు అర్థం కానట్టు.

నాన్న సంగతి ఆఖరున పెట్టాను గాని తక్కువది కాదు. ఆయన దగ్గర ఆస్థాలిన్ పంపు ఉండే ఉంటుంది. ఆ పంపును చేతికి తీసుకుని చెప్పు: "నాన్నా, ఈ మందు ఊపిరితిత్తుల గొట్టాల మీద ఉన్న బీటా-2 అనే తాళాన్ని తీస్తుంది, గొట్టం వదులై ఊపిరి ఆడుతుంది. సరిగ్గా అదే తాళం మెదడులో కావలి కాసే కణాల మీద కూడా ఉంది. మెదడులో దాన్ని తీసేది ఈ మందు కాదు, మన ఒంట్లో పుట్టే ఇంకో మందు. అది ఎప్పుడు తీస్తుంది, తీస్తే కావలి ఏమవుతుంది, అదే నా పని." పంపు వాడితే మెదడు మారుతుందని ఆయన అనుకోకుండా చూడు, డాక్టర్ చెప్పినట్టే వాడాలని కూడా చెప్పు. కావలి గురించి అడిగితే బత్తాయి తోటే ఉంది. పగలు కూలీలు, మీ అమ్మ, నాన్న అందరూ తోటలో తిరుగుతున్నప్పుడు కావలి మనిషి ఒకచోట కూర్చుని ఉంటాడు. అందరూ ఇంటికి పోయాక టార్చ్ పట్టుకుని చెట్టు చెట్టుకూ తిరుగుతాడు. మెదడు మెలకువగా ఉన్నప్పుడు కొమ్మలు తగ్గడం, మత్తులో పెరగడం కొంచెం అట్లాంటిదే. దేనికి పనికొస్తుంది అంటాడు కదా, మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌లో ఆ నార్‌అడ్రినలిన్ వదిలే న్యూరాన్లు అందరికంటే ముందు దెబ్బతినేవాటిలో ఉన్నాయని, మనిషి మెదడులో అవి రెండువైపులా కలిపి కొన్ని పదుల వేలే ఉంటాయని చెప్పు. అవి పోతే కావలి వాళ్లకు కబురు చెప్పేదెవరు? ఈ ప్రశ్న ఆయనకు అర్థమవుతుంది.

ట్రైనింగ్ అంటే జీతం లేని చదువు అనుకుంటున్నాడేమో, అది కూడా విప్పి చెప్పు. రీసెర్చ్ అసోసియేట్-1 కు 2023లో సవరించిన రేటు నెలకు 58,000, ఇంటి అద్దె వేరే. నీకు వచ్చే ఆర్డర్‌లో ఏ గ్రేడు రాశారో, ఎన్నేళ్లకు రాశారో చూసుకో, ఏడాదికొకసారి రెన్యువల్ అయితే మొదటి ఏడాదిలో ఏం చూపించాలో సార్‌తో ముందే మాట్లాడు. సొంత ఫెలోషిప్‌కు కూడా మొదటి ఏడాదిలోనే రాయడం మొదలుపెట్టు, వెల్‌కమ్ ట్రస్ట్, కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) కలిసి పెట్టిన ఇండియా అలయన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, వాళ్ల ప్రకటనలు చూస్తుండు. పెళ్లి మాట నువ్వు ఉత్తరంలో ఎత్తలేదు, నేనూ ఎత్తను.

చేరిన రోజు బెంచ్ ఎక్కడ, తాళంచెవులు ఎక్కడ అని అందరూ చూపిస్తారు. నువ్వు మాత్రం ఎనిమల్ హౌస్‌కు వెళ్లి అక్కడ పనిచేసే అన్నను లైట్లు ఎన్నింటికి వెలుగుతాయి, ఎన్నింటికి ఆరుతాయి అని అడుగు. చిట్టెలుకలు రాత్రి తిరిగి పగలు పడుకుంటాయి, మనం పగలు పనిచేస్తాం, అంటే వాటిని నిద్రలోంచి లేపి తెచ్చి నార్‌అడ్రినలిన్ కొలుస్తున్నాం. ఆ టైమును నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుని, మొదటి ప్రయోగం ఎన్నింటికి పెట్టుకోవాలో దాన్ని బట్టి సార్‌తో మాట్లాడు. ఏం తేలిందో నాకు రాయి.